కార్డన్ అండ్ సెర్చ్: పద్ధతికే ఆ పేరు.. అధికారం చట్టానిది

అనకాపల్లి: ‘ఫలానా కాలనీలో పోలీసుల కార్డన్ అండ్ సెర్చ్.. పత్రాలు లేని ద్విచక్ర వాహనాలు స్వాధీనం’. జిల్లా వార్తల్లో తరచుగా కనిపించే శీర్షిక ఇది. అనకాపల్లి పట్టణ శివారు కాలనీలు మొదలుకొని నర్సీపట్నం, పరవాడ, అచ్యుతాపురం ప్రాంతాల వరకు ఈ మాట ప్రజలకు పరిచయమే. అయితే దీని అర్థమేమిటి, ఈ పేరుతో గుమ్మం ముందుకు వచ్చిన పోలీసులు ఏమి చేయవచ్చు, ఏమి చేయరాదు అన్న విషయంలో మాత్రం స్పష్టత తక్కువ. విశేషమేమిటంటే నేర విచారణ ప్రక్రియను నిర్దేశించే చట్టంలో ఈ మాటే లేదు. ఇది పోలీసులు అనుసరించే ఒక పద్ధతికి పేరు. వీధిని చుట్టుముట్టినంత మాత్రాన ఆ వీధిలోని ప్రతి ఇంట్లోకి వెళ్లి బీరువాలు తెరిచే అధికారం రాదు. ఇంట్లో సోదాకు ఒక చట్టం, వాహన పత్రాల తనిఖీకి మరో చట్టం, గంజాయి కోసం వెదకడానికి ఇంకో చట్టం ఆధారమవుతాయి. ఈ తేడా తెలిస్తే నిర్దోషికి రక్షణ ఉంటుంది. ఆ చట్టాలు చెప్పిన పద్ధతిని పోలీసులు పాటిస్తే అసలు నేరస్థుడు కోర్టులో తప్పించుకునే అవకాశం తగ్గుతుంది.

మాట ఎక్కడి నుంచి వచ్చింది?

‘కార్డన్’ అనేది ఫ్రెంచి భాష నుంచి ఇంగ్లిషులోకి వచ్చిన మాట. సన్నని తాడు అని దాని మూలార్థం. తాడు కట్టినట్లుగా ఒక ప్రదేశం చుట్టూ మనుషులను నిలిపి రాకపోకలను ఆపివేయడమే కార్డన్. పూర్వం ఐరోపాలో అంటువ్యాధులు ప్రబలినప్పుడు రోగం బయటకు పొక్కకుండా ఊళ్ల చుట్టూ, సరిహద్దుల వెంట కాపలా పెట్టేవారు. దానిని ‘కార్డన్ సానిటైర్’ అనేవారు. ‘సెర్చ్’ అంటే వెదకడం. రెండూ కలిస్తే ‘చుట్టుముట్టి వెదకడం’ అవుతుంది.

ఈ జంట మాట సైన్యం నుంచి పోలీసులకు వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత పాలస్తీనా, మలయా, కెన్యా దేశాల్లో తిరుగుబాట్లను అణచడానికి బ్రిటిష్ పాలకులు ఈ పద్ధతిని విరివిగా వాడారు. 1954 ఏప్రిల్ 24న కెన్యా రాజధాని నైరోబీని చుట్టుముట్టి, వేలాది మంది ఆఫ్రికన్లను పట్టుకుని వడపోసిన ‘ఆపరేషన్ ఆన్విల్’ ఇందుకు పేరుపొందిన ఉదాహరణ. మన దేశంలో జమ్మూ కాశ్మీర్‌లో సైనిక, పారామిలిటరీ బలగాల చర్యల వార్తల ద్వారా ఈ మాట అందరికీ తెలిసింది. అక్కడ వారంటు లేకుండా ఇళ్లలో ప్రవేశించి వెదికే అధికారాన్ని సాయుధ దళాలకు ప్రత్యేక చట్టం ఇచ్చింది. ఆ చట్టం ఆంధ్రప్రదేశ్‌లో అమలులో లేదు. ఇక్కడ పోలీసులు సాధారణ చట్టాల పరిధిలోనే పనిచేయాలి. మాట మాత్రం అక్కడిదీ ఇక్కడిదీ ఒకటే కావడంతో అధికారాలూ ఒకటేనన్న భ్రమ కలుగుతోంది.

తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాతి సంవత్సరాల్లో హైదరాబాద్ బస్తీలలో ఈ తరహా తనిఖీలు తరచుగా జరిగాయి. పత్రికలు దీనికి తెలుగు మాటలు కూడా వాడుకలోకి తెచ్చాయి. ‘నిర్బంధ తనిఖీలు’ అని కొందరు, ‘కట్టడి ముట్టడి’ అని కొందరు రాశారు. అయినా వీధుల్లో వినిపించేది ‘కార్డన్ సెర్చ్’ అనే మాటే.

ఒక్కో మాటకు ఒక్కో అర్థం

పోలీసు వార్తల్లో వెదకడానికి సంబంధించిన మాటలు అనేకం. అన్నీ ఒకటే అనిపించినా వాటి మధ్య తేడాలున్నాయి.

సోదా: ఒక వ్యక్తి ఒంటిపైన, ఇంట్లో, దుకాణంలో లేదా వాహనంలో దాచిన వస్తువు కోసం వెదకడం. ఇది వ్యక్తి స్వేచ్ఛలో జోక్యం చేసుకునే చర్య కనుక చట్టం దీనికే ఎక్కువ షరతులు పెట్టింది.

తనిఖీ: ఉన్నదానిని సరిచూడడం. వాహన పత్రాలు, లైసెన్సు, దుకాణం రిజిస్టర్లు చూడడం తనిఖీ కిందికి వస్తుంది. పత్రం చూపమని అడగడం వేరు, ఇంట్లోకి వచ్చి అలమారు తెరవడం వేరు.

నాకాబందీ: ‘నాకా’ అంటే దారి కాపలా ఉండే చోటు, ‘బందీ’ అంటే మూసివేత. రహదారిపై అడ్డుకట్టలు పెట్టి వచ్చిపోయే వాహనాలను ఆపి చూడడం. అనకాపల్లి మీదుగా సాగే పదహారో నంబరు జాతీయ రహదారిపైన, నర్సీపట్నం నుంచి మైదానానికి దిగే మార్గాల్లోను కనిపించేది ఇదే.

గాలింపు, కూంబింగ్: అడవి, కొండ, తోట వంటి విశాల ప్రదేశంలో వరుసగా కదులుతూ వెదకడం. దువ్వెనతో తల దువ్వినట్లు ఒక కొస నుంచి మరో కొసకు సాగుతుంది కనుక ఇంగ్లిషులో ఆ పేరు వచ్చింది. ఆ భాషలో ‘బ’ శబ్దం పలకదు. తెలుగు పత్రికలు అక్షరాలను బట్టి ‘కూంబింగ్’ అని రాయడంతో అదే స్థిరపడింది.

దాడి: సమాచారం అందిన చోటికి హఠాత్తుగా వెళ్లడం. నాటుసారా బట్టీలు, పేకాట శిబిరాలు, కోడిపందేల బరులపై జరిగే చర్యలకు ఈ మాట వాడతారు. బెల్లం ఊటలను పారబోసే ఎక్సైజు దాడులు ఈ కోవలోనివి.

స్వాధీనం, జప్తు: వార్తల్లో రెండూ కలిసిపోతుంటాయి. దర్యాప్తు కోసం పోలీసులు వస్తువును తమ అధీనంలోకి తీసుకోవడం స్వాధీనం. వస్తువుపై యజమాని హక్కే పోయి ప్రభుత్వపరం కావడానికి వేరే ఉత్తర్వు కావాలి. పోలీసులు బండి తీసుకువెళ్లినంత మాత్రాన దానిపై యజమాని హక్కు పోదు.

పంచనామా, మహజరు, మధ్యవర్తుల నివేదిక: సోదా ఎక్కడ, ఎప్పుడు, ఎవరి సమక్షంలో జరిగింది, ఏమి దొరికింది అన్నది అక్కడికక్కడే రాసి సాక్షులతో సంతకాలు చేయించే పత్రం. సాక్షులను మన ప్రాంతంలో ‘మధ్యవర్తులు’ అంటారు. కేసు కోర్టుకు వెళ్లిన తరువాత అందరి దృష్టీ మొదట పడేది ఈ కాగితం మీదనే.

ఎలా జరుగుతుంది?

సాధారణంగా కార్డన్ అండ్ సెర్చ్ తెల్లవారుజామున మొదలవుతుంది. జనం ఇళ్లలోనే ఉంటారు, వాహనాలు ఇంటి ముందే ఉంటాయి, తప్పించుకునేవారికి వ్యవధి ఉండదు అన్నది ఆ వేళను ఎంచుకోవడంలోని ఉద్దేశం. డీఎస్పీ లేదా సీఐ ఆధ్వర్యంలో పలువురు ఎస్సైలు, సిబ్బంది బృందాలుగా విడిపోతారు. కొందరు వీధుల మొదళ్లలో నిలుస్తారు. మిగిలినవారు ఇంటింటికీ వెళ్లి ఎవరెవరు ఉంటున్నారు, ఏమి పని చేస్తున్నారు, ఎక్కడి నుంచి వచ్చారు అని అడుగుతారు. వాహన పత్రాలు చూస్తారు. పాత నేరస్థులు, అనుమానితుల గురించి ఆరా తీస్తారు. చివర కాలనీవాసులను సమావేశపరిచి గంజాయి, సైబరు మోసాలు, సీసీ కెమెరాల గురించి చెబుతారు.

పరవాడ ఫార్మాసిటీ, అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలి పరిశ్రమల్లో పనిచేయడానికి ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవారు అద్దె గదుల్లో ఉంటారు. వారికి తెలుగు సరిగా రాదు. అడిగినది అర్థం కాక తడబడితే అదే అనుమానానికి కారణం కావచ్చు. కనుక ఇంటి యజమానులు అద్దెదారుల పేరు, స్వస్థలం, పనిచేసే సంస్థ వివరాలను దగ్గర ఉంచుకోవడం ఇద్దరికీ మేలు. అయితే భారత పౌరుడు గుర్తింపు కార్డును ఎల్లవేళలా వెంట ఉంచుకోవాలని శాసించే సాధారణ చట్టం ఏదీ లేదు. కార్డు చూపలేకపోవడం దానంతట అదే నేరం కాదు.

ఇంట్లో సోదాకు షరతులు

2024 జూలై 1 నుంచి పాత నేర విచారణ ప్రక్రియ స్మృతి స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోకి వచ్చింది. సోదాకు సంబంధించిన మూల సూత్రాలు చాలావరకు పాతవే. సెక్షన్ల అంకెలు మారాయి, కొన్ని కొత్త షరతులు చేరాయి.

మొదటి మార్గం కోర్టు వారంటు. 96వ సెక్షన్ కింద కోర్టు సోదా వారంటు జారీ చేయవచ్చు. ఒక విచారణ ప్రయోజనాల కోసం సాధారణ సోదా అవసరమని భావించినా కోర్టు ఆ మేరకు వారంటు ఇవ్వవచ్చు. దొంగ సొత్తు దాచిన చోటు అని సమాచారం అందితే 97వ సెక్షన్ కింద జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు లేదా మొదటి తరగతి మేజిస్ట్రేటు వారంటు ఇస్తారు. దానిని అమలు చేసే పోలీసు కానిస్టేబుల్ కంటే పైస్థాయివాడై ఉండాలి.

రెండో మార్గం వారంటు లేని సోదా. ఇది 185వ సెక్షన్. పాత 165వ సెక్షన్ ఇదే. పోలీసు స్టేషన్ అధికారి లేదా దర్యాప్తు అధికారి ఒక నేరంపై దర్యాప్తు చేస్తూ ఉండాలి. ఆ దర్యాప్తుకు అవసరమైన వస్తువు తన పరిధిలోని ఫలానా చోట ఉన్నదని నమ్మడానికి సహేతుకమైన కారణం ఉండాలి. జాప్యం చేస్తే ఆ వస్తువు దొరకదని భావించాలి. ఈ కారణాలను, వెదుకుతున్న వస్తువు ఏమిటన్నదానిని కేసు డైరీలో రాయాలి. ఆ రాతప్రతులను 48 గంటల్లోగా సమీప మేజిస్ట్రేటుకు పంపాలి. ఇంటి యజమాని లేదా అందులో నివసించేవారు దరఖాస్తు చేసుకుంటే మేజిస్ట్రేటు వాటి నకలును ఉచితంగా ఇవ్వాలి.

కార్డన్ అండ్ సెర్చ్‌లో చిక్కుముడి ఇక్కడే ఉంది. 185వ సెక్షన్ ఒక కేసును, ఒక వస్తువును, ఒక చోటును కోరుతుంది. వీధిలోని అన్ని ఇళ్లూ ఆ చోటు కిందికి రావు. కనుక వీధి పొడవునా వెళ్లే పోలీసులు గుమ్మం వద్ద నిలిచి వివరాలు అడగవచ్చు. ఇంటివారు అనుమతిస్తే లోపలికి రావచ్చు. అనుమతి లేకుండా లోపల వెదకాలంటే మాత్రం ఆ ఇంటికి సంబంధించిన కారణమో, వారంటో, ప్రత్యేక చట్టం ఇచ్చిన అధికారమో ఉండాలి. అరెస్టు చేయవలసిన వ్యక్తి ఇంట్లో ఉన్నాడని నమ్మే కారణం ఉంటే 44వ సెక్షన్ కింద ప్రవేశించవచ్చు. ఆ ఇంట్లో ఆచారం ప్రకారం బయటకు రాని స్త్రీలుంటే, పోలీసులు లోపలికి వెళ్లకముందు వారు బయటకు తప్పుకునే అవకాశం ఇవ్వాలి.

సోదా ఎలా చేయాలన్నది 103వ సెక్షన్ చెబుతుంది. ఆ ప్రాంతానికి చెందిన, సంబంధం లేని ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ మంది గౌరవనీయులైన వ్యక్తులను సాక్షులుగా పిలవాలి. అక్కడివారు దొరకకపోతే, లేదా ఒప్పుకోకపోతే వేరే ప్రాంతం వారిని పిలవవచ్చు. స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితాను, అవి దొరికిన చోట్లను రాసి సాక్షులతో సంతకం చేయించాలి. ఇంటివారిని లేదా వారి తరఫున ఒకరిని సోదా జరుగుతున్నంతసేపూ అక్కడ ఉండనివ్వాలి. జాబితా నకలు వారికి ఇవ్వాలి. స్త్రీని స్త్రీయే, మర్యాదకు భంగం కలగకుండా సోదా చేయాలి. రాతపూర్వకంగా పిలిచినా కారణం లేకుండా సాక్షిగా రానివారిపై కూడా కేసు పెట్టవచ్చు.

కొత్తగా చేరినది 105వ సెక్షన్. సోదాను, జాబితా తయారీని, సాక్షుల సంతకాలను దృశ్య శ్రవణ రూపంలో నమోదు చేయాలి. ఇందుకు సెల్‌ఫోనును వాడడం మేలని చట్టమే చెబుతోంది. ఆ రికార్డును ఆలస్యం లేకుండా జిల్లా మేజిస్ట్రేటుకు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు లేదా మొదటి తరగతి జుడీషియల్ మేజిస్ట్రేటుకు పంపాలి. సోదాలో ఏమి దొరికింది, ఎవరు పెట్టారు అన్న వివాదాలకు ఇకపై ఈ దృశ్యాలే ప్రధాన సాక్ష్యం అవుతాయి.

గంజాయికి వేరే చట్టం

అనకాపల్లి జిల్లాలో తనిఖీలు ఎక్కువగా గంజాయి చుట్టూ తిరుగుతాయి. మన్యం నుంచి మైదానానికి, అక్కడి నుంచి రైలు, రహదారి మార్గాల్లో ఇతర రాష్ట్రాలకు సరుకు తరలే దారి ఇది. 2021లో ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో మన్యంలో గంజాయి తోటలను ధ్వంసం చేశారు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి మండలం కోడూరు వద్ద 2 లక్షల కిలోలకు పైగా గంజాయిని పోలీసులు దహనం చేశారు. ఆ ఏడాది ఏప్రిల్ 4న అనకాపల్లి ప్రత్యేక జిల్లా అయింది. 2024 నవంబరులో మాదకద్రవ్యాల నిరోధానికి రాష్ట్ర ప్రభుత్వం ‘ఈగల్’ పేరుతో ప్రత్యేక విభాగం ఏర్పాటు చేసింది. సమాచారం ఇవ్వడానికి 1972 నంబరును కేటాయించింది.

ఈ కేసులకు 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వర్తిస్తుంది. దాని 42వ సెక్షన్ కింద అధికారం పొందిన అధికారి వారంటు లేకుండా ఇంట్లో ప్రవేశించి వెదకవచ్చు. అయితే ముందుగా అందిన సమాచారాన్ని కాగితంపై పెట్టాలి. ప్రవేశం సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం మధ్యనే జరగాలి. రాత్రివేళ వెళ్లవలసి వస్తే, వారంటు తెచ్చేలోగా సరుకు దాచేస్తారని లేదా నిందితుడు పారిపోతాడని ఎందుకు నమ్మారో కారణం రాయాలి. ఆ రాతప్రతిని 72 గంటల్లోగా పై అధికారికి పంపాలి. చీకటి ఉండగానే మొదలయ్యే కార్డన్ అండ్ సెర్చ్‌లో గంజాయి పట్టుబడితే ఈ నిబంధన కీలకమవుతుంది. బస్సు, రైల్వే స్టేషను, హోటలు, దుకాణం వంటి బహిరంగ ప్రదేశాలకు 43వ సెక్షన్ వర్తిస్తుంది. అక్కడ ఈ వేళ నిబంధన లేదు.

ఒంటిపై సోదాకు 50వ సెక్షన్ మరో రక్షణ కల్పించింది. గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు సమక్షంలో సోదా కోరే హక్కు తనకున్నదని ఆ వ్యక్తికి చెప్పాలి. ఈ కేసుల్లో తహసీల్దారు పేరు వినిపించడానికి కారణం ఇదే. 1999లో పంజాబ్ రాష్ట్రం, బల్దేవ్ సింగ్ కేసులో ఈ హక్కు తెలియజేయడం పోలీసుల విధి అని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. 2010లో విజయ్‌సిన్హ్ చందుభా జడేజా కేసులో ఆ షరతును ఖచ్చితంగా పాటించవలసిందేనని మరో రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది. చేతిలోని సంచికి, వాహనానికి ఈ సెక్షన్ వర్తించదని 2005లో పవన్ కుమార్ కేసులో తీర్పు వచ్చింది.

శిక్షలను చూస్తే ఈ షరతుల విలువ తెలుస్తుంది. కిలో వరకు గంజాయి స్వల్ప పరిమాణం. దానికి ఏడాది వరకు కఠిన కారాగారం, 10 వేల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. 20 కిలోలు మించితే వాణిజ్య పరిమాణం. శిక్ష 10 ఏళ్లకు తగ్గదు, 20 ఏళ్ల వరకు పడవచ్చు. జరిమానా లక్ష నుంచి 2 లక్షల రూపాయలు. పైగా సరుకు ఎవరి వద్ద దొరికితే వారే నేరం చేసినట్లు భావించి, కాదని నిరూపించుకునే భారాన్ని చట్టం వారిపైనే ఉంచింది. స్వాధీనం ఎలా జరిగిందన్నది అంత ముఖ్యం కావడానికి కారణం ఇదే. 50వ సెక్షన్ పాటించకపోతే నిజమైన స్మగ్లరు కూడా బయటపడవచ్చు. సరైన కారణం లేకుండా, వేధించడానికి సోదా చేసిన అధికారికి 58వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు.

వాహనాలు, ఫోన్లు

కార్డన్ అండ్ సెర్చ్ వార్తల్లో ఎక్కువగా కనిపించేది వాహనాల స్వాధీనం. 1988 మోటారు వాహనాల చట్టం 130వ సెక్షన్ ప్రకారం అధికారి అడిగినప్పుడు లైసెన్సు, రిజిస్ట్రేషను, బీమా పత్రాలు చూపాలి. డిజీలాకరులో ఉన్న పత్రాలు కూడా చెల్లుతాయి. రిజిస్ట్రేషను లేకుండా, లైసెన్సు లేకుండా లేదా అవసరమైన పర్మిట్టు లేకుండా వాహనం నడుపుతున్నారని, నడిపారని నమ్మే కారణం ఉంటే 207వ సెక్షన్ కింద దానిని నిలిపివేయవచ్చు. దొంగసొత్తు అన్న అనుమానం ఉంటే సురక్షా సంహిత 106వ సెక్షన్ కింద స్వాధీనం చేసుకోవచ్చు. కాగితం ఇంట్లో దొరకక ఆలస్యమైన కేసు ఈ రెండింటిలోనిదీ కాదు. పత్రాలు చూపిన తరువాత వాహనాన్ని విడిపించుకోవచ్చు. ఏ సెక్షన్ కింద తీసుకున్నారో రాసిన రసీదు అడిగి తీసుకోవడం ముఖ్యం.

ఫోన్ల విషయం కొత్త సమస్య. 2021 అక్టోబరులో హైదరాబాద్‌లో పోలీసులు బాటసారుల ఫోన్లు తీసుకుని వాట్సాప్ సంభాషణల్లో గంజాయి అనే మాట కోసం వెదుకుతున్న దృశ్యాలు వెలుగులోకి వచ్చి విమర్శలకు దారితీశాయి. ఫోనులో బ్యాంకు లెక్కలు, కుటుంబ చిత్రాలు, వైద్య నివేదికలు ఉంటాయి. దానిని తెరవడం జేబు తడమడం లాంటిది కాదు. ఏ కేసూ లేని బాటసారి ఫోనులోని సంభాషణలు చదవడానికి వీధి తనిఖీ ఆధారం కాజాలదు.

అడవిలో మాట, ఊళ్లో మాట

అనకాపల్లికి ఎగువనున్న మన్యంలో దశాబ్దాలుగా వినిపించిన మాట కూంబింగ్. మావోయిస్టుల కోసం 1989లో ఏర్పడిన గ్రేహౌండ్స్ దళాలు, ఇతర బలగాలు అడవులను గాలించాయి. 2018 సెప్టెంబరు 23న లివిటిపుట్టు వద్ద అరకు శాసనసభ్యుడు కిడారి సర్వేశ్వరరావు, మాజీ శాసనసభ్యుడు సివేరి సోమ హత్యకు గురైన తరువాత గాలింపు ముమ్మరమైంది. 2025 నవంబరు 18న మారేడుమిల్లి అడవుల్లో జరిగిన ఎదురుకాల్పుల్లో మావోయిస్టు నేత మాడ్వి హిడ్మా మరణించాడు.

గాలింపు అడవికే పరిమితం కాదు, దారిలోని పల్లెల గుండా సాగుతుంది. 2007 ఆగస్టు 20న జి.మాడుగుల మండలం వాకపల్లిలో గాలింపునకు వచ్చిన పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది ఆదివాసీ మహిళలు ఆరోపించారు. కేసు 16 ఏళ్లు సాగింది. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నంలోని ప్రత్యేక న్యాయస్థానం నిందితులైన పోలీసులను నిర్దోషులుగా విడుదల చేసింది. అయితే దర్యాప్తు లోపాలను ఎత్తిచూపి, ఆ మహిళలకు పరిహారం చెల్లించాలని ఆదేశించింది. పల్లెకు వెళ్లిన బృందంలో ఎవరున్నారు, ఏ వేళకు వచ్చారు, మహిళా సిబ్బంది ఉన్నారా, ఎవరి సమక్షంలో ఏమి జరిగింది అన్న నమోదు ఎంత అవసరమో ఈ కేసు చెబుతోంది. ఆ నమోదు ప్రజలకు ఎంత రక్షణో, ఆరోపణ ఎదుర్కొనే పోలీసుకూ అంతే రక్షణ.

కోర్టులు ఏమన్నాయి?

ఇంటి గడప విషయంలో సుప్రీంకోర్టు చాలాకాలంగా తీర్పులు ఇస్తూ వచ్చింది. 1962లో ఖరక్ సింగ్ కేసులో, నిఘాలో ఉన్న వ్యక్తి ఇంటికి రాత్రివేళ వెళ్లి తలుపు తట్టేందుకు ఉత్తరప్రదేశ్ పోలీసు నిబంధన ఇచ్చిన అధికారాన్ని కొట్టివేసింది. తెలుగు నేల నుంచి వెళ్లిన కేసు కూడా ఒకటుంది. స్టాంపు చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ, కలెక్టరు అధికారమిచ్చిన ఏ వ్యక్తి అయినా పత్రాలను తనిఖీ చేసి స్వాధీనం చేసుకోవచ్చునని చెప్పింది. అలాంటి హద్దులేని అధికారం చెల్లదని 2004లో కెనరా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా ప్రకటించింది. ఆ హక్కులో జోక్యం చేసుకోవాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన ప్రయోజనం ఉండాలి, చర్య అవసరానికి మించరాదు.

మరోవైపు సోదాలో లోపం ఉంటే దొరికిన వస్తువు సాక్ష్యంగా పనికిరాదని అనుకోరాదు. 1973లో పూరణ్‌మల్ కేసులో, సోదా అక్రమమైనా దొరికిన సాక్ష్యం సంబంధితమైతే దానిని తోసిపుచ్చనవసరం లేదని సుప్రీంకోర్టు చెప్పింది. మాదకద్రవ్యాల చట్టం 50వ సెక్షన్ వంటి ప్రత్యేక షరతులు ఇందుకు మినహాయింపు. కనుక ‘వారంటు లేదు కాబట్టి కేసు నిలవదు’ అన్న ధీమా పనికిరాదు.

ఇంటివారు గుర్తుంచుకోవలసినవి

పోలీసులను అడ్డగించడం, తోసివేయడం నేరం. ప్రశ్నించడం నేరం కాదు. బృందానికి నాయకత్వం వహిస్తున్న అధికారి పేరు, హోదా, స్టేషను అడగవచ్చు. పత్రాలు చూడడానికి వచ్చారా, ఇంట్లో సోదాకు వచ్చారా అని తెలుసుకోవాలి. సోదా అయితే ఏ కేసులో, ఏ వస్తువు కోసం అని అడగవచ్చు. వారంటు ఉంటే చూపమని కోరవచ్చు. ఇంటివారిలో ఒకరు సోదా జరిగే ప్రతి గదిలో ఉండాలి. స్త్రీలను సోదా చేయవలసి వస్తే మహిళా పోలీసు ఉండాలి. మహిళలను సూర్యాస్తమయం తరువాత, సూర్యోదయానికి ముందు సాధారణంగా అరెస్టు చేయరాదు. అసాధారణ పరిస్థితుల్లో మహిళా అధికారి రాతపూర్వక నివేదికతో మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి పొందాలి.

ఖాళీ కాగితంపై సంతకం చేయరాదు. మధ్యవర్తుల నివేదికను చదివి లేదా చదివించుకుని, స్వాధీనమైన వస్తువుల జాబితా నకలు తీసుకోవాలి. వీడియో తీశారా లేదా అన్నది తేదీ, సమయంతో సహా రాసి పెట్టుకోవాలి. అన్యాయం జరిగిందని భావిస్తే జిల్లా ఎస్పీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు, మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. న్యాయవాదిని పెట్టుకోలేనివారు 15100 నంబరుకు ఫోను చేస్తే న్యాయసేవాధికార సంస్థల నుంచి ఉచిత సలహా లభిస్తుంది. మహిళలు, షెడ్యూల్డు కులాలు, తెగల వారు, అదుపులో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఈ సహాయానికి అర్హులు.

కార్డన్ అండ్ సెర్చ్ వల్ల దొంగ వాహనాలు దొరకవచ్చు, పాత నేరస్థులు పట్టుబడవచ్చు, కాలనీకి కొంత ధైర్యమూ కలగవచ్చు. ఆ వార్త చదివేవారు మాత్రం వాహనాల సంఖ్యతో పాటు మరో రెండు సంగతులు చూడాలి. ఎన్ని ఇళ్లలో సోదా జరిగింది? అందులో ఎన్నింటికి కారణం రాసి మేజిస్ట్రేటుకు పంపారు? పోలీసుల చర్య చట్టప్రకారం సాగిందో లేదో తెలిసేది ఆ లెక్కలోనే.